మా వసారా మాటలు: గ్రద్దను చూచిన కన్ను

గతమాసమున ఆవకాయకు కాయ నెట్లు ఎంచుకొనవలెనో వ్రాసితిమి. దానిపై వచ్చిన ఉత్తరములలో పచ్చడి మాటయే లేని ఉత్తర మొకటి యున్నది. గోదావరీతీరమునుండి ఒక సోదరి యిట్లు వ్రాసినది: "మా పిల్లవానికి పదమూడేండ్లు. సాయంకాలమగుసరికి పుస్తకము మూసి, రేడియోచే నడుపు గ్లైడరు నొకదానిని చంకను బెట్టుకొని పొలమునకు బోవును. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బంతయు దానికే వెచ్చించినాడు. ఈ యాటకు ప్రపంచపోటీలు కూడ కలవనియు, దేశదేశములనుండి జట్లు వచ్చుననియు చెప్పుచున్నాడు. ఇది ఆటయా, చదువా, పిచ్చియా? మీ యభిప్రాయము తెలుపవలెను."

ఈ ప్రశ్న ఆరునెలల క్రిందట వచ్చియున్నచో మేము ఒక్క వాక్యమున బదులు చెప్పియుందుము: "పుస్తకము తెఱిపింపుడు, గ్లైడరును అటకమీద పెట్టింపుడు." ఇప్పుడట్లు చెప్పజాలము. ఏలయన, ఆ పిచ్చి మా యింటికిని వచ్చినది. వచ్చి, మేము నేర్చితిమనుకొన్న పాఠము నొకదానిని మఱల మాచేత చదివించినది. కావున ఈ మాసము పచ్చళ్లను పక్కన బెట్టి, ఆ సంగతియే చెప్పుదుము.

మొదట గ్లైడరనగా నేమో తెలియని సోదరీమణులకై నాలుగు మాటలు. అది యంత్రబలముతో గాక, రెక్కల చలువచే గాలిలో జాఱుచు పోవు విమానము. లోకమున విమానవిద్య మొదలైనది దీనితోడనే. జర్మనీ దేశమున ఆటో లిలియెంతాల్ అను నాతడు 1891 మొదలు కొండవాలులనుండి ఇట్టి రెక్కలతో ఎగిరి, ఎగిరి, 1896లో అట్లే క్రిందబడి ప్రాణములు విడిచెను. అమెరికాలోని రైటు సోదరులు 1903లో ఇంజనుగల విమానము నెగురవేయుటకు ముందు, 1900 మొదలు మూడేండ్లు గ్లైడర్లతోనే గాలి నడత నేర్చిరి. ఇక రేడియోచే దూరమునుండి వస్తువును నడుపుటయు పాతవిద్యయే. 1898లో న్యూయార్కు నగరమున నికోలా టెస్లా యొక చిన్న పడవను తీగలు లేకయే నడిపి చూపెను. గుడ్ అను ఇంటిపేరుగల కవలసోదరులిద్దరు 1937లో రేడియోచే నడచు చిన్నవిమానము నెగురవేసిరి. అది నేటికిని అమెరికాలోని స్మిత్సోనియను ప్రదర్శనశాలవారి యొద్ద భద్రముగ నున్నది. ఈ రెండు విద్యలును కలిసిన బిడ్డయే మన పిల్లల చేతిలోని గ్లైడరు.

ఆ పిల్లవాడు చెప్పిన ప్రపంచపోటీల మాట నిజమే. 1905లో ఏర్పడిన అంతర్జాతీయ వైమానికసమాఖ్య వీనిని నడపుచున్నది. దాని కార్యస్థానము స్విట్జర్లాండులోని లోజాన్ నగరము. త్రాటితో లాగి యెగురవేయు గ్లైడర్లకు మొదటి ప్రపంచపోటీ 1998లో ఇంగ్లండులోని అప్టన్-ఆన్-సెవర్న్ అను నూర జరిగినది. 2004లో కెనడాలోని రెడ్‌డీర్, 2012లో దక్షిణాఫ్రికాలోని బేలా-బేలా ఆ పోటీకి వేదికలైనవి. చేతితో విసరు గ్లైడర్లకు మొదటి ప్రపంచపోటీ 2011లో స్వీడను దేశపు ఆర్బోగాలోను, చిన్నమోటారుతో పైకి లేచు గ్లైడర్లకు 2019లో స్లొవేకియా దేశపు త్రనావాలోను జరిగినవి. దేశమునకొక జట్టు వచ్చును. పెద్దలకు వేఱు, పిల్లలకు వేఱు లెక్క కలదు. జట్టులోనివారి మార్కులు కూడి దేశముయొక్క స్థానమును నిర్ణయింతురు.

ఈ చివర చెప్పిన మోటారుగ్లైడర్ల పోటీ యెట్లు జరుగునో చెప్పినచో, అందలి వివేకము గృహిణులకు వెంటనే బోధపడును. విమానపు రెక్కల వెడల్పు కొననుండి కొనకు నాలుగు మీటర్లవఱకు ఉండవచ్చును. బరువు మాత్రము నాలుగైదు మంచి బంగినపల్లి కాయల యెత్తు. మోటారు ముప్పది సెకనులకు మించి తిరుగరాదు. అటుపిమ్మట అది ఆగిపోవును. మఱల తిప్పినచో ఆ విడతకు మార్కులు లేవు. ఎంత యెత్తునకు పోయెనో లోపలనున్న పనిముట్టు వ్రాసికొనును. ఆ యెత్తులో మీటరునకు అర మార్కు చొప్పున తగ్గింతురు. 200 మీటర్లు దాటినచో ఆ పైబడిన ప్రతి మీటరునకును మూడు మార్కులు పోవును. గాలిలో నిలిచిన ప్రతి సెకనునకు ఒక మార్కు. పది నిమిషములు, అనగా 600 మార్కులు, హద్దు. నేలపై గుర్తుపెట్టిన చోటికి మీటరు లోపల దిగినచో 50 మార్కులు. దూరమైనకొలది మీటరునకు ఐదేసి తగ్గును.

ఉదాహరణకు ముగ్గురనుకొందము. మొదటివాడు జంకుతో 150 మీటర్లు ఎక్కినాడు. 75 మార్కులు పోయినవి. 590 సెకనులు నిలిచి గుర్తుమీద దిగినాడు. వానికి 565. రెండవవాడు 60 మీటర్లకే మోటారు ఆపి, పైకి లేచు గాలిని పట్టుకొని, అంతే కాలము నిలిచి, అట్లే దిగినాడు. వానికి 610. మూడవవాడు మఱింత సాహసించి 40 మీటర్లకే ఆపినాడు, గాలి దొరకలేదు. 130 సెకనులకే దూరముగ నేల గూలినాడు. వానికి దక్కినవి 110. గుంపులో మొదటివానికి వేయిగా లెక్కగట్టి మిగిలినవారికి ఆ పాళ్లలో ఇత్తురు. కావున రెండవవానికి 1000, మొదటివానికి 926, మూడవవానికి 180. ఎక్కువ ఖర్చుపెట్టి భద్రముగ నుండుట యొకటి. తక్కువలో సరిపెట్టుకొని నేర్పు చూపుట యొకటి. చేతిలో నేమియు లేక దైవము నమ్ముట యొకటి. నెలజీతముపై కాపురము నడపు మాబోటివారికి ఈ లెక్క క్రొత్తది కాదు.

అయినను "పైకి లేచు గాలి" యనగా నేమి? గ్లైడరు తనచుట్టునున్న గాలిలో నెల్లప్పుడును దిగుచునే యుండును. మంచి గ్లైడరు సెకనునకు అర మీటరు లోపుగ దిగును. కదలని గాలిలో 60 మీటర్ల యెత్తునుండి దిగుటకు రెండున్నర నిమిషములు పట్టును. కాని ఆ గాలియే సెకనునకు ఒక మీటరు చొప్పున పైకి బోవుచున్నచో, అందు దిగుచున్న విమానము చూచువారికి ఎక్కుచున్నట్లే యుండును. అట్టి గాలి యెక్కడ పుట్టును? ఎండ నేలనంతటిని ఒక్కతీరుగ కాచదు. దున్నిన ఎఱ్ఱనేల, తారురోడ్డు, పెంకుటిండ్ల కప్పులు త్వరగా వేడెక్కును. చెఱువు, మామిడితోపు చల్లగా నుండును. వేడెక్కిన నేలపై గాలి తేలికయై, పాలుపొంగినట్లు, బుడగ కట్టి పైకి లేచును. దాని చోటికి చుట్టునుండి చల్లగాలి వచ్చును. మా నూజివీటి ప్రాంతమున చైత్రవైశాఖములలో మధ్యాహ్నము బీడుపొలమున లేచు సుడిగాలి ఆ బుడగ పాదమే. ఆ గాలి కంటికి గనబడదు. ఆనవాళ్లు మాత్రమే కనబడును. ఎండుటాకు పైకి లేచుట, ఒంటిపై తగులు గాలి ఒక్కసారి దిక్కు మార్చుట, వానకోయిలలు గుంపుగా చేరి పురుగులను పట్టుకొనుట, అన్నిటికంటె ముఖ్యముగ, గ్రద్ద రెక్క లాడింపక చుట్లు తిరుగుచు పైకి బోవుట.

ఇదంతయు మాకు మావారును పిల్లలును చెప్పినది. మావారు పాఠశాలలో పంతులు. మా తమ్ముడు బెజవాడనుండి దసరాపండుగకు వచ్చినపుడు, మేనల్లునకు నురుగుపలకతో జేసిన చిన్న గ్లైడరు నొకదానిని తెచ్చి యిచ్చెను. ఆనాటినుండి మా పెద్దవాడు మనుష్యులలో లేడు. బడి వదలగానే, మా యింటికి ఫర్లాంగు దూరముననున్న తోట వెనుక దున్నిన చేనికి బోవును. వాడు పోవునపుడు వాని చెల్లెలిని, పదకొండేండ్ల మా అమ్మాయిని, వెంట దీసికొనిపోవును. దాని పని కాలము లెక్కించుట. చేతిలో మావారి పాత గడియారము, నోట "నిమిషమైనది, నిమిషమున్నర యైనది" అను కేక.

కొన్నినాళ్లకు వాని విమానము నిలుచు కాలము ఒక నిమిషమునుండి నాలుగు నిమిషములైనది. మాఘమాసమున నొక యాదివారము పదకొండు నిమిషములు నిలిచినది. ఆ రాత్రి భోజనములకడ వాడు ఆ కథ చెప్పుచుండగా మా అత్తగారు ముద్ద నోట బెట్టుకొనుట మఱచి వినిరి. "మనుమడు గరుత్మంతుడే" యని మురిసిరి. అమ్మాయి మజ్జిగ వడ్డించుచు ఊరకున్నది. మఱునాడు అడిగితిమి: "అంతసేపు ఎట్లు నిలిచినదే?" అది చెప్పినది: "అన్నయ్య విమానము మీదనుండి కన్ను తీయరాదు గదమ్మా. తీసినచో అది ఎటుపోవునో తెలియదు. అందుకని నేను మిగిలిన యాకాశమంతయు చూతును. నిన్న కాయల పాక పెంకుల మీద గ్రద్ద తిరుగుచుండెను. 'ఎడమకు, పాకమీదికి' అని నేను చెప్పితిని."

మావారు ఈ మాట విని, పెద్దపోటీలలోను ఇట్లే జరుగునని చెప్పిరి. మీటలు పట్టినవాడు తన విమానమునే చూచును. ప్రక్కన నిలిచిన సహాయకుడు ఇతరుల విమానములను, పక్షులను, గాలిని, గడియారమును చూచి చెవిలో చెప్పును. త్రాటితో లాగు పోటీలలోనైతే ఇద్దరు సహాయకులు 150 మీటర్ల త్రాటిని బట్టుకొని బలముకొలది పరుగెత్తుదురు. అపుడే గ్లైడరు గాలిపటమువలె లేచును. పతకము మీటలు పట్టినవాని మెడలో పడును. పరుగెత్తినవారి పేరులు మార్కుల పట్టికలో నుండవు. అయినను వారు లేక జట్టు లేదు.

మేమిది విని సంతోషించితిమి. మాకు కిష్కింధాకాండము జ్ఞప్తికి వచ్చినది. సంపాతి రెక్కలు కాలిపోయిన పక్షి, ఎగురజాలడు. కాని లంకలోనున్న సీతమ్మను కూర్చున్నచోటినుండి చూచి చెప్పినవాడు ఆతడే. హనుమంతునకు తన బలము తనకు తెలియదు, తెలిపినవాడు జాంబవంతుడు. సముద్రము దాటిన కీర్తి ఆంజనేయునిది. చూచిన కన్ను సంపాతిది, చెప్పిన నోరు జాంబవంతునిది. ఈ కథ అమ్మాయికి చెప్పి, "నీవును అట్టి దానవే, చూచి చెప్పుట చిన్నపని కాదు" అంటిమి. అది తలయూపినది. మేము మంచిమాట చెప్పితిమనుకొంటిమి.

ఫాల్గునమున సమీపపట్టణములోని యొక కళాశాలవారు పిల్లలకు గ్లైడర్ల పోటీ యొకటి పెట్టుచున్నారని తెలిసినది. పోటీ చైత్రమున. పెద్దవాడు కాగితము తెచ్చి పూర్తిచేసెను. నడపువాడు అను చోట తన పేరు, సహాయము అను చోట చెల్లెలి పేరు వ్రాసెను. అమ్మాయి ఆ కాగితమును చూచి, మాతో వంటయింటిలోనికి వచ్చి, గిన్నెలు తోముచున్న మా ప్రక్కన నిలిచి, మెల్లగా ననినది: "అమ్మా, సంపాతికి రెక్కలు కాలిపోయినవి. నాకు కాలిపోలేదు గదా?"

సోదరీమణులారా, చేతిలోని గిన్నె చేతనే యుండెను. పదకొండేండ్ల పిల్ల మేము చెప్పిన కథతోనే మమ్ము నిలువదీసినది.

మా చదువు బడిలో జరిగినది కాదు. మా తండ్రిగారు ఉదయమున మా అన్నలిద్దరికి చాపమీద అమరకోశము చెప్పుచుండువారు. మేము గడపకు ఈవల, పప్పు రుబ్బుచు, వినుచుండెడివారము. ఒకనాడు గరుత్మంతుని నామములు అప్పగింపుమనిరి. ఒక అన్న నాలుగు చెప్పి ఆగెను. రెండవ అన్న ఐదవది తప్పు చెప్పెను. రుబ్బురోటి దగ్గఱనుండి మేము తొమ్మిదియు చెప్పితిమి. తండ్రిగారు కోపింతురని భయపడితిమి. వారు కొంతసేపు ఊరకుండి, చాప అంచు సవరించి, "ఇటు వచ్చి కూర్చుండుము" అనిరి. ఆ చాపమీద జానెడు చోటు దొరికియుండనిచో ఈనాడు ఈ పుటలో ఈ అక్షరములు లేవు. అట్టి మేము మా కూతురునకు గడప యీవలి గౌరవమును పొగడి చెప్పితిమి.

ఆ రాత్రి మావారితో మాటలాడితిమి. వారు, "ఇందు తప్పేమున్నది? దినము విడిచి దినము నడపుదురు గాక" అనిరి. పెద్దవానికి నచ్చలేదు, "విఱుగగొట్టును" అనెను. మా అత్తగారును, "ఆడపిల్ల పొలములో మీటలు పట్టుకొని నిలుచుట యేమి కోడలా?" అనిరి. మేము వారికి ఎదురు చెప్పలేదు. మావారు మాత్రము ఆ సాయంకాలము తల్లిదగ్గఱ కూర్చుండి రెండు కథలు చెప్పిరి. 1936లో సరళా థక్రాల్ అను ఇరువదియొక్కయేండ్ల యిల్లాలు చీర కట్టుకొని లాహోరులో ఒంటరిగ విమానము నడపిన కథ యొకటి. మన ఆంధ్రదేశమున జన్మించి చిన్ననాటనే అమెరికా వెళ్లిన బండ్ల శిరీష కథ యొకటి. ఆమె 2021 జూలై 11వ తేదీని అంతరిక్షపు అంచుదాక పోయి వచ్చినది. పోవునపుడు రాకెట్టు మండినది. వచ్చునపుడు మాత్రము ఆ వాహనము యంత్రబలమేమియు లేక, గ్లైడరువలె జాఱుచు వచ్చి, న్యూమెక్సికోలోని బాటమీద దిగినది. మా అత్తగారు ఆలకించి, "మన బండ్లవారి పిల్లయా?" అని మఱల మఱల అడిగిరి. అటుపిమ్మట ఆ మాట యెత్తలేదు.

పెద్దవాని మాట నిజమైనది. మూడవనాడే అమ్మాయి విమానమును తోటలోనికి దోలి, పిందెలతోనున్న చిన్నరసపు చెట్టునకు కొట్టినది. కుడిరెక్క విఱిగినది, గుప్పెడు పిందెలు రాలినవి. తోట కౌలునకు తీసికొన్న యాతడు కేకలు వేయుచు వచ్చెను. ఆతని కోపము న్యాయమైనదే. పూత కాచి, మంచునకు పురుగునకు మందు కొట్టి, దేవునికి మ్రొక్కి నిలుపుకొన్న పిందెలవి. మేము పోయి క్షమింపుమని వేడి, ఆ చెట్టుక్రింది పిందెలకు సొమ్మిచ్చితిమి. ఆతడు సొమ్ము పుచ్చుకొనక, "పిల్లలను చేనికి ఆ కొసకు పొమ్మనుడమ్మా" అని పోయెను. పెద్దవాడు విఱిగిన రెక్కను ఒడిలో బెట్టుకొని కన్నీరు గార్చెను. అమ్మాయి యేడువలేదు. రాత్రి పదిగంటలదాక కూర్చుండి, రెక్క లోపల వెదురుపుల్ల యొకటి నిలిపి, జిగురుతో అతికి, బిళ్లలు వేసి, అటునిటు సమతూకము చూచి, తెల్లవారి అన్నగారికి ఇచ్చినది. అది మునుపటికంటె కొంచెము బరువైనది. కాని తిన్నగా ఎగిరినది.

పోటీవారిని ఫోనుపై అడుగగా, ఒక్క గ్లైడరుతో ఇద్దరును వేర్వేరు విడతలలో పాల్గొనవచ్చుననిరి. కావున రెండు కాగితములు వ్రాసితిమి. ఒకదానిలో వాడు నడపువాడు, ఇది సహాయము. రెండవదానిలో ఇది నడపునది, వాడు సహాయము.

చైత్రమున ఎండ మండుచున్న ఆ యాదివారము మేమందఱమును పోతిమి. ఇరువది మంది పిల్లలుందురు. పెద్దవాని విడతలో అమ్మాయి యెప్పటివలె గ్రద్దను చూచి చెప్పినది. వాడు ఆఱు నిమిషములు నిలిపి, నాలుగవవాడైనాడు. తరువాత అమ్మాయి మీటలు పట్టినది. వాడు ప్రక్కన నిలిచి ఆకాశమును చూచుచున్నాడు. నిమిషము గడిచినది, విమానము దిగుచున్నది. వాని గొంతు మేము నిలిచినచోటికి వినబడుచుండెను: "చెల్లీ, నాకేమియు కనబడుట లేదే! గ్రద్ద యెక్కడనే?" అది విమానముమీదనుండి కన్ను తీయకయే, "గ్రద్ద లేదు అన్నయ్యా. గాలి నా వీపునకు తగులుచున్నది. ముందట రోడ్డుమీద కాగితములు లేచుచున్నవేమో చూడు" అనినది. వాడు చూచి, "లేచుచున్నవి, కుడికి!" అని అరచెను. విమానము అటు తిరిగినది. కొంచెము ఆగినది. ఎక్కినది.

నాలుగున్నర నిమిషములు నిలిచి, గుర్తునకు రెండడుగుల దూరమున దిగినది. బహుమానమేమియు రాలేదు, పదకొండవ స్థానము. ఇంటికి వచ్చుచు బస్సులో పెద్దవాడు కిటికీ ప్రక్క చోటు చెల్లెలికి ఇచ్చి, మాతో మెల్లగా ననెను: "అమ్మా, చూచుట అంత కష్టమని నాకు తెలియదు. ఇన్నాళ్లు అది ఊరక గడియారము పట్టుకొన్నదనుకొంటిని." పదకొండు నిమిషములు నిలిచిన నాటికంటె వాడు ఆనాడు ఎక్కువ నేర్చెనని మా తలంపు.

ఇక ఉత్తరము వ్రాసిన సోదరికి మా బదులు. అమ్మా, ఇది ఆటయే. చదువును అందులో నున్నది. త్రాసుమీది తూకము, ఎండవేడికి గాలి కదలిక, కూడిక తీసివేతలు, విఱిగినదానిని అతుకుట, ఓడినపుడు ఊరకుండుట: ఇవన్నియు ఒక నురుగుపలకలో నున్నవి. పిచ్చి కాకుండ చూచుట మాత్రము మన చేతిలోనిది. మా యింట పెట్టుకొన్న కట్టుబాట్లు చెప్పెదము. మీకు నచ్చినవి గ్రహింపుడు.

పాఠము అప్పగించిన పిదపనే విమానము. మధ్యాహ్నపు టెండలో గాలి బాగుగ లేచునని పిల్లలందురు. అయినను తలకు గుడ్డ, చేత మంచినీళ్లు లేనిదే పంపము. విమానమును సూర్యునికి అడ్డముగ పోనిచ్చి కన్నులు చెడగొట్టుకొనరాదు. మనుష్యులపై, పశువులపై, కరెంటుతీగల దగ్గఱ ఎగురవేయరాదు. క్రొత్త సామాను కొనుటకు ముందు పాతదానిని ఒకసారియైనను తమ చేతితో బాగుచేసి యుండవలెను. బ్యాటరీలు ఛార్జి చేయునపుడు పెద్దవారు దగ్గఱ నుండవలెను; ఉబ్బినదానిని వెంటనే మానిపింపవలెను. మాకు గన్నవరము విమానాశ్రయము దూరము కాదు. మీకును దగ్గఱలో ఒకటి యుండవచ్చును. 2021లో ప్రభుత్వమువారు చేసిన డ్రోను నియమములలో ఎఱుపు, పసుపు, పచ్చ అని ఆకాశమును మూడు మండలములుగ విభజించినారు. ఎఱుపున అనుమతి లేక ఎగురవేయరాదు. మీ యూరు ఏ మండలములోనిదో ముందు చూచుకొనుడు.

పిల్లవానికి పట్టుదల యున్నచో, వాని బడిలో ఎన్.సి.సి. వైమానికశాఖ కలదేమో విచారింపుడు. అందు విమానపు నమూనాలు చేయుటయు, ఎగురవేయుటయు నేర్పుదురు. ఎన్.సి.సి. 1948లో మొదలైనది, బాలికలకు 1949లోనే ద్వారము తెఱచినది. దేశము తరఫున జట్టులో నిలుచుట మిక్కిలి దూరపు మాట. కాని ఏ దేశపు జట్టులోని వాడైనను మొదట ఒక చేనిలో, ఒక చెల్లెలి కేక విని, ఎడమకు తిరిగినవాడే యై యుండును.

కడపట మేము మిమ్ము ఒకటి యడుగుదుము. మీ యుత్తరమున పిల్లవాని మాటయే యున్నది. వానికి కాలము లెక్కించువారెవరు? పొలములో వాని ప్రక్క నిలిచి యాకాశమును చూచునది మీ అమ్మాయియే యైనచో, దాని చేతికి ఒక్కనాడు మీటలు ఇప్పించి చూడుడు. రెక్క విఱుగవచ్చును. జిగురు వేసినచో అతుకుకొనును.

మా పెరటిలో పెద్దరసాలు పండుచున్నవి. వచ్చు మాసమున మామిడితాండ్ర ఎండబెట్టుటను గూర్చి వ్రాయుదుము. అందును ఎండ, గాలి, గ్రద్దల సంగతులే ప్రధానములు. తాండ్ర చాపకు కావలి కూర్చుండు పని ఈ యేడు మా యింట పెద్దవానికి ఒప్పగించితిమి.